కాలిఫోర్నియా దీవి నక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ నక్క? ఎక్కడ ఉంటుంది?

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా పసిఫిక్ సముద్రంలో ఎనిమిది చిన్న దీవులున్నాయి. వాటిని ఛానల్ ఐలాండ్స్ అంటారు. అందులో ఆరింటి మీద మాత్రమే ఈ నక్క ఉంటుంది: శాన్ మిగెల్, శాంటా రోసా, శాంటా క్రూజ్, శాన్ నికొలాస్, శాంటా కటాలినా, శాన్ క్లెమెంటె. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా కనిపించదు. శాస్త్రీయ నామం యూరోసయాన్ లిట్టొరాలిస్. మిగతా రెండు దీవులు అనకాపా, శాంటా బార్బరా బాగా చిన్నవి. అక్కడ ఏడాది పొడవునా మంచినీళ్లు దొరకవు కాబట్టే నక్కలు నిలవలేదని అంచనా.

ఎంత ఉంటుంది?

పెంపుడు పిల్లి అంత. బరువు కిలో నుంచి సుమారు 2.8 కిలోల దాకా, ఆడవాటి కంటే మగవి కాస్త బరువు. వీపు బూడిద రంగు, మెడ పక్కలా కాళ్లూ ఇటుక రంగు, గొంతు తెలుపు, తోక మీద పొడవునా నల్లటి చార. దీని పూర్వీకురాలు ప్రధాన భూభాగంలోని బూడిద రంగు నక్క, గ్రే ఫాక్స్. పోలికలన్నీ దానివే. సైజు మాత్రం బాగా తగ్గింది. తోక కూడా పొట్టి, అందులో ఎముకలు కూడా తక్కువే.

ఎందుకింత చిన్నదైపోయింది?

దీవుల మీద చిక్కుకుపోయిన జంతువులకు తరతరాలుగా జరిగేదే ఇది. తిండి పరిమితం, చోటు పరిమితం, పెద్ద వేటజంతువుల భయం లేదు. అలాంటి చోట పెద్ద శరీరాన్ని పోషించడం దండగ. తక్కువ తిండితో నెట్టుకురాగలిగినవే పిల్లల్ని కని వంశాన్ని నిలబెడతాయి. కొన్ని వేల ఏళ్లలో మొత్తం జాతి చిన్నదైపోతుంది. ఇదే ఛానల్ ఐలాండ్స్ మీద ఒకప్పుడు ఏనుగు జాతికి చెందిన మామత్‌లు కూడా ఇలాగే పొట్టివైపోయాయి. వాటి ఎముకలు శాంటా రోసాలో దొరికాయి.

అసలు సముద్రం దాటి దీవుల మీదికి ఎలా చేరాయి?

మంచుయుగంలో సముద్రమట్టం బాగా తక్కువగా ఉండేది. అప్పుడు ఉత్తరాన ఉన్న నాలుగు దీవులూ (శాన్ మిగెల్, శాంటా రోసా, శాంటా క్రూజ్, అనకాపా) కలిసి ఒకటే పెద్ద దీవి. అప్పుడు కూడా ప్రధాన భూభాగానికి, దానికి మధ్య నీళ్లుండేవి. కానీ దూరం ఇప్పటికంటే చాలా తక్కువ. తుపానుకు కొట్టుకొచ్చిన చెట్ల మీద కొన్ని గ్రే ఫాక్స్‌లు అక్కడికి చేరాయని ఒక వాదన, మనుషులే తెచ్చారని ఇంకో వాదన. మంచు కరిగి సముద్రం పెరిగాక ఆ పెద్ద దీవి ముక్కలైంది, నక్కలూ విడిపోయాయి.

దక్షిణ దీవుల సంగతిలో పెద్దగా గొడవ లేదు. అక్కడికి వేల ఏళ్ల కిందట ఆదివాసులే పడవల్లో తీసుకెళ్లారు. ఛానల్ ఐలాండ్స్‌లో చుమాష్, టోంగ్వా అనే ఆదివాసీ ప్రజలు నివసించేవారు. వాళ్లకు నక్క అంటే వట్టి జంతువు కాదు. పురావస్తు తవ్వకాల్లో జాగ్రత్తగా పాతిపెట్టిన నక్కల అవశేషాలు బయటపడ్డాయి.

ఆరు దీవుల్లోనూ ఉన్నది ఒకే నక్కేనా?

జాతి ఒకటే, ఉపజాతులు ఆరు. దీవికొకటి. ఒక దీవి నక్క ఇంకో దీవికి ఈదుకుంటూ పోలేదు కాబట్టి వేల ఏళ్లుగా దేని దారి దానిదే. జనాభా లెక్కల విషయంలో ఇది చాలా ముఖ్యం. కటాలినాలో వెయ్యి నక్కలు ఉన్నంత మాత్రాన శాన్ మిగెల్‌కు ఏమీ ఒరగదు. అక్కడివి పోతే ఆ ఉపజాతి పోయినట్టే. కాబట్టి "మొత్తం ఎన్ని నక్కలున్నాయి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు గానీ, దాంతో తేలేదేమీ లేదు. ఏ దీవిలో ఎన్ని అని అడగాలి.

ఏం తింటాయి?

దొరికిందల్లా. డీర్ మౌస్ అనే చిట్టెలుక, మిడతలు, పెంకుపురుగులు, జెరూసలేం క్రికెట్ అనే లావుపాటి పురుగు, బల్లులు, నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, ఒడ్డున పీతలు. వీటికి తోడు పళ్లు. నాగజెముడు పళ్లు, మాంజనీటా పళ్లు, టొయాన్ పళ్లు బాగా ఇష్టం. ఇది చెట్లెక్కే నక్క, కాబట్టి పళ్లు రాలేదాకా కాచుకుని కూర్చోదు.

ఒకే తిండి మీద ఆధారపడకపోవడం దీనికి పెద్ద బలం. ఎలుకలు తగ్గిన ఏడాది పురుగులు, పురుగులు తగ్గినప్పుడు పళ్లు. తిన్న పళ్ల గింజలు పెంటలో ఎక్కడెక్కడో పడి మొలుస్తాయి కాబట్టి దీవి పొదలకూ దీని అవసరం ఉంది.

పగటిపూట కూడా తిరుగుతాయట, నిజమేనా?

నిజమే. రాత్రీ తిరుగుతాయి, పగలూ తిరుగుతాయి. నక్క అనగానే మనకు జిత్తులు, బెదురు, చీకటి గుర్తొస్తాయి. ఈ నక్కకు అవేవీ లేవు. పడవ దిగినవాళ్ల పక్క నుంచే తాపీగా నడుచుకుంటూ పోతుంది. వేల ఏళ్లపాటు దాన్ని వేటాడే జంతువే లేకపోతే భయం ఎక్కణ్నుంచి వస్తుంది? చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, 1990లలో దీని కొంప ముంచింది ఈ ధైర్యమే. పట్టపగలు బయలు ప్రదేశంలో తిరిగే రెండు కిలోల జంతువు ఆకాశం నుంచి చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి.

ఒక్కో నక్కకు ఎంత చోటు కావాలి?

చాలా తక్కువ. సాధారణంగా ఒక చదరపు కిలోమీటరు లోపే. ప్రధాన భూభాగంలో నక్కలకు దీనికి ఎన్నో రెట్లు కావాలి. అందుకే 38 చదరపు కిలోమీటర్లు కూడా లేని శాన్ మిగెల్ మీద కూడా వందల నక్కలు బతకగలవు. శాంటా క్రూజ్ దాదాపు 250 చదరపు కిలోమీటర్లు, ఉన్నవాటిలో అదే పెద్దది. కుక్క కుటుంబపు అడవి జంతువుల్లో ఇంత కిక్కిరిసి బతికేవి అరుదు.

జత కట్టడం, పిల్లల్ని పెంచడం ఎలా?

ఒక మగ, ఒక ఆడ కలిసి ఒక ఇలాకాను పంచుకుంటాయి. జనవరి నుంచి మార్చి మధ్యలో జత కడతాయి, గర్భం 50 రోజులు దాటుతుంది, ఏప్రిల్ ప్రాంతంలో పిల్లలు పుడతాయి. ఒక ఈతకు ఒకటి నుంచి అయిదు దాకా ఉండొచ్చు గానీ సగటున రెండే. ఏడాదికి ఒకటే ఈత. తండ్రి కూడా తిండి తెస్తాడు, కాపలా కాస్తాడు. వేసవి మొదట్లో పిల్లలు బొరియ బయటికి వస్తాయి, శీతాకాలం వచ్చేసరికి చాలావరకు సొంత చోటు వెతుక్కుంటూ వెళ్లిపోతాయి.

జీవితాంతం విడిపోని ఆదర్శ దంపతులు అని వీటి గురించి రాస్తుంటారు. కలిసి కాపురం చేయడం వరకు నిజమే. శాంటా క్రూజ్ నక్కల మీద జన్యు పరీక్షలు చేస్తే, దాదాపు నాలుగో వంతు పిల్లలకు తండ్రి పక్క ఇలాకా మగవాడని తేలింది.

అడవిలో ఆయుష్షు మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్లు. పదేళ్లు దాటినవీ ఉన్నాయి.

వీటి జనాభా పెరగాలంటే ఏది ముఖ్యం? ఎక్కువ పిల్లలు పుట్టడమా?

కాదు. ఈ పేజీ మొత్తంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: ఈ నక్కల సంఖ్యను నిర్ణయించేది పుట్టుకలు కాదు, పెద్ద నక్కలు ఏడాదంతా బతికి ఉండటం.

ఊరికే అర్థం కావడానికి ఒక లెక్క వేసుకుందాం, ఇవి నిజమైన సర్వే అంకెలు కావు. 100 పెద్ద నక్కలు, అంటే 50 జతలు. అన్నీ కనవు, 30 జతలు కన్నాయనుకుందాం. ఈతకు రెండు చొప్పున 60 పిల్లలు. తొలి ఏడాదిలో సగం పోతాయి, 30 మిగులుతాయి. పెద్దవాటిలో 85 శాతం బతికితే వచ్చే ఏడాదికి 85 + 30, అంటే 115. జనాభా 15 శాతం పెరిగింది.

ఇప్పుడు పెద్దవాటిలో సగమే బతికాయనుకోండి. 50 + 30, అంటే 80. ఒక్క ఏడాదిలో అయిదో వంతు పోయింది. "పోనీ, ఈతకు రెండు కాకుండా మూడు పుడితే?" అని చూడండి. 90 పిల్లలు, అందులో సగం 45, ప్లస్ 50. మొత్తం 95. కన్న జతలన్నీ మామూలు కంటే ఎక్కువ కన్నా కూడా తగ్గుదలే. పెద్దవి సగం చచ్చిపోతుంటే ఈతకో పిల్ల ఎక్కువ పుట్టినా ఆ లోటు పూడదు.

మరి ఇంత తక్కువ పిల్లల్ని కనే జంతువు వేల ఏళ్లు ఎలా నిలిచింది? పెద్దవాటిని చంపేవాళ్లు లేరు కాబట్టి. అది మారిన రోజు లెక్క తల్లకిందులైంది.

1990లలో ఏం జరిగింది?

ఉత్తరాన ఉన్న మూడు దీవుల్లో నక్కలు అయిదారేళ్లలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1994లో శాన్ మిగెల్‌లో సుమారు 450 ఉండేవి, 2000 నాటికి మిగిలినవి 15. శాంటా రోసాలో పదిహేను వందలకు పైగా ఉన్నవి 15కి పడిపోయాయి. రెండు చోట్లా అదే అంకె రావడం కాకతాళీయమే. శాంటా క్రూజ్‌లోనూ పదిహేను వందల దరిదాపుల్లో ఉన్నవి అరవైలోపుకు వచ్చాయి.

మొదట ఏదో జబ్బు వచ్చిందనుకున్నారు. నక్కలకు రేడియో కాలర్లు కట్టి, చచ్చినవాటిని వెతికి తెచ్చి పరీక్షిస్తే అసలు హంతకుడు బయటపడ్డాడు. గోల్డెన్ ఈగిల్. పాకే, నడిచే జంతువుల్ని వేటాడే పెద్ద గద్ద అది.

గోల్డెన్ ఈగిల్ అంతకుముందు అక్కడ లేదా? అప్పుడే ఎందుకొచ్చింది?

ప్రధాన భూభాగంలో ఎప్పుడూ ఉంది, అడపాదడపా దీవుల మీదికీ వచ్చి పోయేది. కాపురం పెట్టింది మాత్రం 1990లలోనే. ఎందుకన్నది నాలుగు మలుపులున్న కథ. ఒక్క మలుపు వదిలేసినా అర్థం కాదు.

ఒకప్పుడు ఈ దీవుల ఆకాశానికి యజమాని బాల్డ్ ఈగిల్, తెల్ల తల ఉండే గద్ద. అది ఎక్కువగా చేపలు తింటుంది, నక్కల జోలికి పెద్దగా రాదు. కానీ తన ఇలాకాలోకి ఇంకో గద్ద వస్తే తరిమికొడుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో డీడీటీ అనే పురుగుమందు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ వ్యర్థాలు ఏళ్ల తరబడి మురుగుకాల్వల ద్వారా సముద్రంలో కలిశాయి. డీడీటీ చేపల్లోకి, చేపల నుంచి గద్దల్లోకి వెళ్లింది. గుడ్ల పెంకులు పల్చబడి, పొదగడానికి కూర్చుంటే పగిలిపోయాయి. 1960ల కల్లా దీవుల మీద బాల్డ్ ఈగిల్ లేకుండా పోయింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది గానీ, సముద్రం అడుగున పేరుకున్నది అక్కడే ఉంది.

ఇది ఒకవైపు. ఇంకోవైపు, 19వ శతాబ్దంలో పశువుల పెంపకందార్లు శాంటా క్రూజ్‌కు తెచ్చిన పందులు తప్పించుకుని అడవి పట్టాయి, వేలల్లో పెరిగాయి. పంది ఏడాదిలో ఏ నెలలోనైనా ఈనుతుంది. అంటే గోల్డెన్ ఈగిల్‌కు ఏడాది పొడవునా పందిపిల్లలు సిద్ధం. శాంటా రోసాలో వేట కోసం తెచ్చి వదిలిన జింకల పిల్లలు దానికి అదనం. అడ్డుకునే బాల్డ్ ఈగిల్ లేదు, తిండికి లోటు లేదు. గోల్డెన్ ఈగిల్ గూడు కట్టేసింది.

నక్క దాని ప్రధాన ఆహారం కాదు, దారిలో దొరికిన చిరుతిండి. అదే అన్నిటికంటే దారుణం. మామూలుగా వేటాడే జంతువు తన ఆహారం అయిపోతే తానూ తగ్గుతుంది, అప్పుడు వేట జంతువు కోలుకుంటుంది. ఇక్కడ నక్కలు అయిపోయినా గద్దకు ఆకలి లేదు, పందులున్నాయి కదా. అందుకని చివరి నక్క దాకా వేట సాగగలదు. శాన్ మిగెల్ మీద ఒక్క పంది కూడా లేదు, అయినా అక్కడి నక్కలు పోయాయి. గద్దకు సముద్రం అడ్డా?

కటాలినాలోనూ గద్దలేనా?

కాదు, అక్కడ జబ్బు. 1999 ప్రాంతంలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ దీవిలోకి వచ్చింది. పడవలో దొంగచాటుగా వచ్చిన రకూన్ వల్ల కావచ్చు, పెంపుడు కుక్క వల్ల కావచ్చు. సుమారు 1,300 నక్కలున్న చోట వంద మాత్రమే మిగిలాయి. ఆ వంద కూడా భూగోళం చేసిన సాయంతోనే మిగిలాయి: కటాలినా మధ్యలో ఒకచోట సన్నటి భూభాగం ఉంది, అక్కడ ఊరూ ఉంది. దానికి పడమరవైపు చిన్న ముక్కలోని నక్కలకు వైరస్ అంటలేదు. నక్క తోక తొక్కడమంటే ఇదేనేమో, నక్కలకే పట్టిన అదృష్టం.

మళ్లీ ఎలా పెంచారు?

ఒకేసారి చాలా పనులు చేశారు. మిగిలిన కొద్ది నక్కల్ని పట్టి దీవుల మీదే పెద్ద పెద్ద ఎన్‌క్లోజర్లలో, అంటే కంచె వేసిన ఆవరణల్లో ఉంచారు. శాన్ మిగెల్‌లో 1999లో మొదలుపెట్టారు, తర్వాత శాంటా రోసా, ఆపైన శాంటా క్రూజ్. అంత తేలికగా సాగలేదు. మనం కలిపిన జత కుదరాలని ఏముంది? కొన్ని జతలు కొట్టుకుని గాయపడ్డాయి, కొన్ని ఏళ్ల తరబడి కలిసున్నా కనలేదు. 2004లో నాలుగు ఉపజాతుల్ని అంతరించే ప్రమాదమున్నవాటి జాబితాలో అధికారికంగా చేర్చారు.

బయట గద్దల పని ఇంకోవైపు. 1999 నుంచి 2006 దాకా 40కి పైగా గోల్డెన్ ఈగిల్‌లను ప్రాణాలతో పట్టి, కాలిఫోర్నియా ఈశాన్య మూలకు తీసుకెళ్లి వదిలారు. శాంటా క్రూజ్‌లో 2002 నుంచి 2006 దాకా 61 బాల్డ్ ఈగిల్ పిల్లల్ని పెంచి వదిలారు. 2006లో అక్కడ బాల్డ్ ఈగిల్ గుడ్డు సహజంగా పొదిగింది, ఉత్తర దీవుల్లో యాభై ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. 2005, 2006లలో శాంటా క్రూజ్‌ను కంచెలతో భాగాలుగా విడగొట్టి, 5,000కు పైగా పందుల్ని నిర్మూలించారు.

నా దృష్టిలో మలుపు తిప్పింది ఎన్‌క్లోజర్లలో పుట్టిన పిల్లలు కాదు, గద్దలు వెళ్లిపోవడం. శాంటా క్రూజ్‌లో గద్దలు ఇంకా ఉండగా తొందరపడి వదిలిన మొదటి నక్కల్లో కొన్నిటిని గద్దలు చంపేశాయి, మిగిలినవాటిని మళ్లీ లోపలికి తేవాల్సి వచ్చింది. అదే ఎన్‌క్లోజర్లు, అవే నక్కలు. గద్దలు తగ్గాక వదిలితే నిలబడ్డాయి.

ముందు పందుల్ని తీసేస్తే గద్దలు వాటంతట అవే పోయేవి కదా?

చాలామందికి వచ్చే ఆలోచనే. కానీ పందులు పోయిన రోజు నుంచి ఆకలిగొన్న గద్దకు కనిపించేది నక్కే. ఉన్న యాభై, అరవై కూడా గద్ద నోట్లోకి పోయేవి. అందుకని ముందు గద్దలు, తర్వాత పందులు. క్రమం తప్పితే మందే విషమయ్యేది.

గద్దల్ని కాల్చి చంపకూడదు, గోల్డెన్ ఈగిల్‌కు అమెరికాలో చట్ట రక్షణ ఉంది. కాబట్టి వలలతో ఒక్కొక్కటే పట్టాల్సి వచ్చింది. పందుల్ని చంపడం మీద నిరసనలూ, కోర్టు కేసులూ నడిచాయి. ఒక ప్రాణిని కాపాడటానికి ఇంకో ప్రాణిని చంపడం సరైనదేనా అన్న ప్రశ్న చిన్నదేమీ కాదు. అయితే పందులు దీవిలో పుట్టినవి కావు, బయట ఎన్ని కోట్లైనా ఉన్నాయి. ఆ నక్క మరెక్కడా లేదు.

ఎంత వేగంగా పెరిగాయి?

ఎవరూ ఊహించనంత. 2015 వచ్చేసరికి శాన్ మిగెల్‌లో దాదాపు 700, శాంటా రోసాలో దాదాపు 1,200, శాంటా క్రూజ్‌లో రెండు వేలకు పైన, కటాలినాలో 1,700కు పైన.

శాంటా క్రూజ్‌నే తీసుకుందాం. 2004లో వంద అనుకున్నా, పదకొండేళ్లలో రెండు వేలు దాటాలంటే ఏడాదికి సగటున 30 శాతం పైగా పెరగాలి. అంటే రెండున్నర, మూడేళ్లకోసారి రెట్టింపు. పైన వేసుకున్న లెక్కకు ఇది దూరమేమీ కాదు. పెద్దవాటిలో 95 శాతం బతికి, 40 జతలు కని, పిల్లల్లో సగం నిలిస్తే ఏడాదికి 35 శాతం వస్తుంది. నక్కలు పల్చగా ఉన్నప్పుడు ఇది సాధ్యమే: అందరికీ చోటు, అందరికీ తిండి, పిల్ల నక్కకు సొంత ఇలాకా వెంటనే దొరుకుతుంది.

2016 ఆగస్టులో మూడు ఉత్తర ఉపజాతుల్నీ జాబితా నుంచి తీసేశారు. కటాలినా నక్కను ఒక మెట్టు తక్కువ ప్రమాద వర్గంలోకి మార్చారు. అమెరికా అంతరించే జాతుల చట్టం కింద ఇంత త్వరగా కోలుకున్న క్షీరదం ఇంకోటి లేదు. తలలు లెక్కపెట్టి మాత్రమే తీసేయలేదు. రాబోయే 50 ఏళ్లలో అంతరించే అవకాశం 5 శాతం మించకూడదని షరతు, అది కూడా వరుసగా కొన్నేళ్లపాటు నిలవాలి.

అయితే ఇలా పెరుగుతూనే పోతాయా?

పోవు. దీవికి అంచులున్నాయి. నక్కలు కిక్కిరిసేకొద్దీ ఇలాకా దొరకని పిల్లలు పెరుగుతాయి, కనే ఆడవి తగ్గుతాయి, పిల్లల్లో బతికేవీ తగ్గుతాయి. వేగం దానంతటదే నెమ్మదించి, తిండి సరిపోయే సంఖ్య దగ్గర అటూ ఇటూ ఊగుతుంది.

శాన్ మిగెల్ ఈ పాఠాన్ని కాస్త కఠినంగానే చెప్పింది. 2010ల మధ్యలో కాలిఫోర్నియాను తీవ్రమైన కరువు పట్టుకుంది. దానికి తోడు ముళ్ల తల ఉండే ఒక పేగుపురుగు అక్కడి నక్కల్లో చేరింది. నక్కల సంఖ్య మళ్లీ బాగా తగ్గింది. ఇది కంగారుపడాల్సినదే గానీ, 1990ల పతనంలాంటిది కాదు. అప్పుడు గద్ద నక్కలు అయ్యేదాకా వేటాడింది. ఇప్పుడు నక్కలు పల్చబడేకొద్దీ మిగిలినవాటికి తిండి పెరుగుతుంది.

పదిహేను నక్కల నుంచి వచ్చిన సంతతి కదా, జన్యు సమస్యలు రావా?

రావచ్చు. ఈ విషయంలో అసలు ఆశ్చర్యపరిచేది శాన్ నికొలాస్ నక్క. దాని జన్యువుల్లో వైవిధ్యం దాదాపు శూన్యం. ఒక నక్క జన్యుపటం పక్కన ఇంకోదాన్ని పెడితే కవలల్లా ఉంటాయి. పుస్తకాల ప్రకారం ఎప్పుడో పోవాల్సిన జంతువది. గద్దలు, డిస్టెంపర్ తగలని ఆ దీవిలో వందల సంఖ్యలో నిక్షేపంగా ఉన్నాయి.

కాబట్టి వైవిధ్యం లేకపోతే వెంటనే నాశనం అని చెప్పలేం. కొత్త జబ్బు వస్తే మాత్రం ఒకదానికి తట్టుకునే శక్తి లేదంటే దేనికీ లేనట్టే. ఎన్‌క్లోజర్ల కాలంలో ఎవరికి ఎవరు బంధువో రికార్డులు రాసి, దగ్గరి చుట్టాల్ని జత కట్టకుండా చూసింది అందుకే.

నక్కల్ని ఎలా లెక్కపెడతారు?

దీవిలో అక్కడక్కడ గళ్లుగా బోనులు పెడతారు. ఎరగా పిల్లుల కోసం అమ్మే తిండి, దాంతోపాటు ఘాటైన పళ్ల వాసన. చిక్కిన నక్కకు మత్తు అక్కర్లేదు, కళ్లకు గుడ్డ కట్టగానే కదలకుండా ఉండిపోతుంది. బరువు చూసి, రక్తం తీసి, చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టి వదులుతారు. తర్వాతి రాత్రుల్లో చిక్కినవాటిలో చిప్ ఉన్నవెన్ని, లేనివెన్ని అన్న నిష్పత్తిని బట్టి మొత్తం అంచనా కడతారు. చిక్కినవన్నీ పాతవే అయితే అక్కడున్నవి తక్కువని అర్థం.

రేడియో కాలర్ల పని వేరు. నక్క కొన్ని గంటలపాటు కదలకపోతే కాలర్ సంకేతం మారుతుంది. వెంటనే వెళ్లి కళేబరాన్ని తెచ్చి దేనివల్ల పోయిందో చూస్తారు. బోనుల లెక్క ఏడాదికోసారి తెలుస్తుంది, కాలర్ వారాల్లోనే హెచ్చరిస్తుంది. 1994లో ఇలాంటి ఏర్పాటు ఉండి ఉంటే గద్ద సంగతి ముందే తెలిసేది.

నక్కలు పెరిగితే ఇంకెవరికైనా నష్టమా?

స్కంక్‌లకు. శాంటా రోసా, శాంటా క్రూజ్‌లలో మచ్చల స్కంక్ అనే చిన్న జంతువుంది, అదీ ఆ దీవులకే ప్రత్యేకం. నక్కలు పోయిన రోజుల్లో అది విపరీతంగా పెరిగింది, నక్కలు తిరిగొచ్చాక బాగా తగ్గింది. ఇద్దరి తిండీ ఒకటే, నక్కదే పైచేయి. ఇప్పుడు స్కంక్ గురించి పరిశోధకులకు టెన్షన్.

శాన్ క్లెమెంటెలో ఇంకో చిక్కు. ఆ దీవి అమెరికా నేవీది. అక్కడ అరుదైన ష్రైక్ పక్షి ఉంది, నక్క దాని గూళ్లు దోచుకుంటుంది. ఒకప్పుడు ఆ పక్షి కోసం గూళ్ల చుట్టుపక్కల నక్కల్ని అదుపు చేశారు. ఒక అరుదైన ప్రాణికి ఇంకో అరుదైన ప్రాణే శత్రువైతే ఎవరి పక్షం వహించాలో ఏ చట్టంలోనూ సూటిగా రాసి ఉండదు.

ఇప్పుడు ప్రమాదాలేమిటి?

మొదటిది జబ్బు. ఏటా ప్రతి దీవిలోనూ కొన్ని నక్కలకు రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేస్తారు. అన్నిటికీ వేయరు, వేయడం కుదరదు కూడా. వైరస్ వచ్చినా కొత్త తరాన్ని మొదలుపెట్టడానికి సరిపడా మిగలాలని లెక్క. కుక్కలకు వాడే కొన్ని టీకాల్లో బతికున్న వైరస్ ఉంటుంది, అడవి జంతువులకు అదే జబ్బు తెప్పించే ప్రమాదముంది. అందుకని వేరే పద్ధతిలో తయారైన టీకా వాడతారు.

కటాలినాలో మనుషులు, కార్లు ఎక్కువ, రోడ్డు మీద నక్కలు తరచూ చచ్చిపోతుంటాయి. అక్కడి నక్కలకు చెవిలో కణితులు వచ్చే బెడద కూడా ఉంది. ఒక దశలో పెద్ద నక్కల్లో సగం దాకా వీటితో బాధపడ్డాయి. చెవిలో చేరే మైట్స్ అనే సన్నటి పురుగుల వల్ల ఏళ్ల తరబడి వాపు ఉండి కణితిగా మారుతోందని గుర్తించి, బోనులో చిక్కినప్పుడు మైట్స్‌కు మందు వేయడం మొదలుపెట్టారు. కణితులు స్పష్టంగా తగ్గాయి.

చూడటానికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఉత్తర దీవులు 1980లో ఏర్పడ్డ ఛానల్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లో భాగం, పడవలు తిరుగుతాయి. శాంటా క్రూజ్‌లో దిగిన కాసేపటికే నక్క కనిపించే అవకాశం బాగా ఎక్కువ. బ్యాగు జిప్ తెరవడం కొన్నిటికి వచ్చు, కాబట్టి తిండిని గట్టి డబ్బాలో పెట్టి మూయండి. ఎంత ముద్దొచ్చినా ఏమీ పెట్టకండి. పార్కు దీవుల మీదికి పెంపుడు జంతువుల్ని తీసుకెళ్లనివ్వరు. సొంత పడవలో వచ్చేవాళ్లకూ అదే నియమం, కుక్కను ఒడ్డుకు దింపకూడదు.